ఎంత రంధ్రం, ఎన్ని నీళ్లు

మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. దాని రూపకర్త నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టిన జూలై 11నే తెలంగాణలో ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నాం. 2.75 లక్షల ఎకరాలు పారాలని లెక్కవేసి దాదాపు 155 కిలోమీటర్ల ప్రధాన కాలువ తవ్వించారు. ఆ నీళ్లొచ్చాకే బోధన్ చుట్టూ చెరకు పెరిగింది. చెరకు పెరిగాకే 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఇదంతా నిజామాబాద్ జిల్లాలో అందరూ చెప్పుకునే కథే. ఎవరూ అంతగా చెప్పుకోనిది ఇంకొకటుంది. కాలువ గట్టులోని తూము గొట్టం దగ్గర, చక్కెర మిల్లు స్ప్రే పాండ్‌లో నీళ్లు చిమ్మే నాజిల్ దగ్గర, ఆర్మూర్ పసుపు చేలోని డ్రిప్పర్ దగ్గర, అన్నిచోట్లా ఎవరో ఒకరు కూర్చుని వేసుకోవాల్సిన లెక్క ఒక్కటే. ఇంత ఒత్తిడి ఉంది, ఇన్ని నీళ్లే బయటికి పోవాలి, రంధ్రం ఎంత పెట్టాలి?

చూడ్డానికి ఒక్క వరుసలో తేలిపోయే లెక్క. పాలిటెక్నిక్ రెండో సంవత్సరం పుస్తకంలో సూత్రం దొరుకుతుంది. అయినా తీరా బిగించాక అనుకున్నన్ని నీళ్లు రావు, లేదా రావాల్సిన దానికన్నా ఎక్కువ వస్తాయి, లేదా నీళ్లు సరిగ్గానే వచ్చి ధార మాత్రం చచ్చిపోతుంది. తప్పు సాధారణంగా సూత్రంలో ఉండదు, రంధ్రాన్ని ఒంటరిగా లెక్కగట్టడంలో ఉంటుంది. నీళ్లు పంపు దగ్గర బయల్దేరి గాలిలో పడేదాకా దారిలో ఎన్ని ఇరుకులున్నాయో అన్నీ కలిసి ప్రవాహాన్ని తేలుస్తాయి. వాటిలో పెత్తనం దేనిదో ముందు తేల్చుకోకుండా వేసిన లెక్క సగం లెక్కే. ఈ విషయం మీద రెండు వేల ఏళ్లుగా పోగైన అనుభవాన్ని ఒకచోట పెట్టి చూస్తే నాకు తేలింది ఇదే.

రోము గొట్టం, మన తూము

క్రీ.శ. 97లో రోము నగరపు నీటి సరఫరాకు అధికారిగా వచ్చిన ఫ్రాంటినస్ తన అనుభవాన్ని ఒక పుస్తకంగా రాసిపెట్టాడు. ఆ నగరంలో ఇంటికి నీటి హక్కు ఇచ్చేటప్పుడు తొట్టి గోడలో ఒక కంచు గొట్టం బిగించేవారు. పొడవు పన్నెండు వేళ్ల వెడల్పుకు తగ్గకూడదు, అంటే మన లెక్కలో 22 సెంటీమీటర్లు. వ్యాసం ఇంత అని నిర్ణయించి, దాని మీద ముద్ర కొట్టేవారు. సీసం మెత్తనిది, కొట్టి వెడల్పు చేయొచ్చు; కంచుతో ఆ పని కుదరదు. ఇక్కడిదాకా వ్యవహారం పకడ్బందీగానే ఉంది. మరి జనం ఏం చేశారు? ముద్ర ఉన్న గొట్టాన్ని ముట్టుకోకుండా, దాని వెనక తగిలించే సీసపు పైపును పెద్దది చేశారు. పెద్ద పైపులో నిరోధం తగ్గి, అదే కంచు గొట్టంలోంచి ఎక్కువ నీళ్లు వచ్చేవి. అందుకే గొట్టం తర్వాత యాభై అడుగుల దాకా అదే వ్యాసం పైపు ఉండాలని సెనేట్ శాసనం చేయాల్సి వచ్చింది.

నాకు ఈ ఉదంతం చాలా ఇష్టం. వరుసగా ఉన్న ఇరుకుల సిద్ధాంతం మొత్తం ఇందులో ఉంది, అదీ ఒక్క సమీకరణం రాయకుండా.

నిజాంసాగర్ కాలువ మీద జరిగేదీ ఇంతకన్నా భిన్నమేమీ కాదు. డిస్ట్రిబ్యూటరీ గట్టులో ఒక సిమెంటు గొట్టం ఉంటుంది, అటువైపు పొలాలకు పోయే పిల్లకాలువ. గొట్టం రెండు మూతులూ నీళ్లలో మునిగి ఉంటే, అందులోంచి పోయే నీళ్లు కాలువ మట్టానికీ పిల్లకాలువ మట్టానికీ ఉన్న తేడాను బట్టి పోతాయి. తేడా పది సెంటీమీటర్లున్నప్పుడు ఒక లెక్క. రైతు రాత్రికి రాత్రి పిల్లకాలువలో పూడిక తీసి, అడుగు లోతు చేసి, ఆ తేడాను ఇరవై సెంటీమీటర్లు చేశాడనుకోండి. గొట్టం అదే, ప్రవాహం మాత్రం 41 శాతం పెరుగుతుంది. కాలువ చూసుకునే లష్కర్ వచ్చి టేపు పెట్టి గొట్టం కొలిస్తే ఏ తేడా కనిపించదు. చివరి ఆయకట్టులో మాత్రం నారుమడి ఎండుతుంది.

పంజాబ్ కాలువల మీద పనిచేసిన ఇంజనీర్లు ఈ తగువును చాలా ముందే పట్టించుకున్నారు. ఇ.ఎస్. క్రంప్ 1922లో రూపొందించిన తూము అందులో పేరుపొందింది. నీళ్లు ఒక ఇరుకులోంచి దూకి పడేలా చేస్తే, దిగువన ఏం తవ్వుకున్నా పైన పోయే ప్రవాహం మారదు. కాలువలో మట్టం ఎంత ఉందన్నదే లెక్క. దిగువ వాడి చేతిలోంచి ఆ పెత్తనాన్ని లాక్కుని పైన ఒకేచోట పెట్టడం దాని సారం. దీనికి ధర ఉంది: దూకడానికి కొంత ఎత్తు వదులుకోవాలి. నిజాంసాగర్ లాంటి చోట ఆ ఎత్తు తేలిగ్గా దొరకదు. జలాశయం ఒకప్పుడు 29 టీఎంసీలకు పైగా పట్టేది, పూడిక వల్ల ఇప్పుడు 17.8 టీఎంసీల లెక్కే. ఎగువన సింగూరు వచ్చాక మంజీర నీళ్లలో హైదరాబాద్ వాటా పెరిగింది. కాలువ నిండుగా పారని రోజు మునిగి ఉన్న తూములు ఒక్కొక్కటి ఒక్కో రకంగా ఇస్తాయి. అలీసాగర్, గుత్ప ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు తెచ్చి చివరి ఆయకట్టును ఆదుకోవడం వెనక ఉన్న కారణాల్లో తూముల లెక్క కూడా ఒకటని నా అభిప్రాయం. నీటి కొరత గురించి మాట్లాడినంతగా ఈ పంపకం గురించి మాట్లాడం.

న్యూటన్ కూడా తడబడ్డ చోట

రంధ్రంలోంచి నీళ్లు ఎంత వేగంతో దూకుతాయో 1644లో టారిచెల్లి చెప్పాడు. పైన ఉన్న నీటి ఎత్తు నుంచి ఒక రాయిని వదిలితే అది కిందికి చేరేసరికి ఎంత వేగం అందుకుంటుందో అంత వేగం. పది మీటర్ల ఎత్తుకు సెకనుకు 14 మీటర్లు. ఇందులోంచి పుట్టిన వర్గమూలమే ఈ మొత్తం వ్యవహారానికి మూలస్తంభం. ఒత్తిడి రెట్టింపైతే ప్రవాహం రెట్టింపు కాదు, 1.41 రెట్లే అవుతుంది. ప్రవాహం రెట్టింపు కావాలంటే ఒత్తిడి నాలుగింతలు పెట్టాలి. పంపు మార్చి పడేస్తే నీళ్లు రెట్టింపు వస్తాయని నమ్మేవారు ఈ రోజుకీ ఉన్నారు.

వేగం తెలిసింది కదా, రంధ్రం వైశాల్యంతో గుణిస్తే నీళ్లు తేలిపోవాలి. తేలవు. కొలిస్తే ఆ లెక్కలో 62 శాతమే వస్తాయి. న్యూటన్ 1687 నాటి ‘ప్రిన్సిపియా’ మొదటి ముద్రణలో ఈ విషయంలో పొరపడి, 1713 నాటి రెండో ముద్రణలో దిద్దుకున్నాడు. రంధ్రం దాటాక ధార ఇంకా సన్నబడుతుందని అప్పుడు గమనించాడు. పక్కల నుంచి రంధ్రం వైపు మళ్లిన నీళ్లు చటుక్కున తిన్నగా తిరగలేవు. లోపలికి ఒరుసుకుంటూ వచ్చి, కాస్త ముందుకు పోయాక గానీ తిన్నగా సాగవు. అందుకే అసలు ఇరుకు మనం డ్రిల్లుతో వేసిన రంధ్రం కాదు, దాని అవతల ధార అన్నిటికన్నా సన్నగా ఉన్న చోటు. 1717లో పొలేని చేసిన కొలతలు దీనికి అంకె ఇచ్చాయి. పలకకు పదునైన అంచుతో వేసిన రంధ్రానికి 0.62 అన్న గుణకం అప్పటి నుంచి ఇప్పటిదాకా దాదాపు అలాగే ఉంది.

గుణకం అంచు మీద ఆధారపడుతుందన్నది మాత్రం మరవకూడదు. అంచు గుండ్రంగా అరిగితే ధార అంతగా సన్నబడదు, గుణకం 0.8 దాటిపోవచ్చు. అదే వ్యాసం, ముప్పై శాతం ఎక్కువ నీళ్లు. లోపలి వైపు నున్నగా వంపు తిరిగిన నాజిల్‌కైతే 0.95 నుంచి 0.98 దాకా ఉంటుంది. అంటే 16 మిల్లీమీటర్ల నాజిల్, పదునైన అంచుతో 20 మిల్లీమీటర్ల రంధ్రం వేసిన పలక ఒకే ఒత్తిడిలో ఇంచుమించు ఒకేలా పారతాయి. వ్యాసం చూసి పోల్చే అలవాటు ఉన్నవాళ్లకు ఇది మింగుడుపడదు.

ఒక లైను, మూడు ఇరుకులు

ఇప్పుడు పైపు దగ్గరికి వద్దాం. ఒక పంపు మూడు కేజీల ప్రెషర్ ఇస్తోంది, అంటే 30 మీటర్ల నీటి ఎత్తు. 50 మిల్లీమీటర్ల పైపు అరవై డెబ్భై మీటర్లు పోయి చివర ఒక నాజిల్‌తో ముగుస్తుంది. నాజిల్ దగ్గర ఒక కేజీ ప్రెషర్ మాత్రమే ఉండాలి, గంటకు 10 ఘనమీటర్లు పోవాలి. పైపులో, బెండ్లలో రాపిడికి 4 మీటర్లు పోతాయి. నాజిల్‌కు 10 మీటర్లు. మిగిలిన 16 మీటర్లను ఎక్కడో ఒకచోట చంపాలి. అందుకు ఫ్లాంజ్‌ల మధ్య ఒక ఆరిఫిస్ ప్లేటు, అంటే మధ్యలో రంధ్రం ఉన్న పలక, పెడతారు.

గంటకు 10 ఘనమీటర్లంటే సెకనుకు 2.78 లీటర్లు. 16 మీటర్ల ఎత్తుకు వేగం సెకనుకు 17.7 మీటర్లు. 0.62 గుణకంతో భాగిస్తే రంధ్రం 18 మిల్లీమీటర్లని వస్తుంది. ఎక్కువమంది ఇక్కడే ఆగి డ్రిల్లు అందుకుంటారు. కానీ రంధ్రం దాటిన నీళ్లు మళ్లీ పైపు నిండా విచ్చుకున్నప్పుడు వేగంలో కొంత భాగం తిరిగి ఒత్తిడిగా మారుతుంది. ఈ నిష్పత్తిలో ఉన్న ప్లేటు, దగ్గరగా కొలిస్తే కనిపించే ఒత్తిడి తేడాలో 86 శాతాన్నే శాశ్వతంగా తింటుంది. కాబట్టి 16 మీటర్లు నిజంగా పోవాలంటే ప్లేటు దగ్గర 18.7 మీటర్ల తేడా రావాలి, రంధ్రం 17.2 మిల్లీమీటర్లు ఉండాలి. నాజిల్‌కైతే ఈ తిరిగి రావడం ఉండదు, నీళ్లు గాలిలోకి పోతాయి కనుక. దాని వ్యాసం 16 మిల్లీమీటర్లకు కాస్త పైన తేలుతుంది.

18కీ 17.2కీ తేడా చిన్నదే, నిజమే. ప్రవాహంలో తేడా అంతకన్నా చిన్నది, ఎందుకంటే ప్లేటు ఒక్కటే లేదు ఆ లైనులో. అసలు ఆసక్తి పుట్టేది ఇక్కడే. ఎవరో ప్లేటును తీసి పక్కన పడేశారనుకుందాం. సగానికి పైగా ఒత్తిడిని తింటున్న అడ్డు పోయింది, ప్రవాహం ఎంత పెరగాలి? పంపు ప్రెషర్ పడిపోకుండా ఉంటే గంటకు 14.6 ఘనమీటర్లవుతుంది. సగానికి కాస్త తక్కువే పెరిగింది. నాజిల్ మీద మాత్రం ప్రెషర్ ఒక కేజీ నుంచి రెండు కేజీలు దాటుతుంది. నిజానికి పంపు కూడా తన వంపు గీత మీద కిందికి జారుతుంది గనుక అంత కూడా రాదు.

ఇప్పుడు ప్లేటు ఉంచి నాజిల్‌ను చూడండి. ఇసుకతో అరిగి దాని వైశాల్యం రెట్టింపైంది. ప్రవాహం గంటకు 10 నుంచి 11.5కి పెరుగుతుంది, అంతే. ఫ్లో మీటరు చూసేవాడికి ఇది పెద్ద విషయంగా తోచదు. నాజిల్ ముందు ప్రెషర్ మాత్రం 10 మీటర్ల నుంచి 3.3 మీటర్లకు పడిపోయింది. తుంపర్లుగా విచ్చుకోవాల్సిన నీళ్లు లావుపాటి ధారగా జారిపడుతున్నాయి. ఇంకోలా చూద్దాం: చెత్త పట్టి నాజిల్ సగం మూసుకుపోయింది. ప్రవాహం 7 ఘనమీటర్లకు తగ్గుతుంది, నాజిల్ మీద ప్రెషర్ 20 మీటర్లకు ఎక్కుతుంది.

అంటే లైనులో పెద్ద ఇరుకు ఎవరిదో, ప్రవాహం మీద పెత్తనం వాళ్లది. ప్లేటుకు పెత్తనం ఇస్తే నీళ్లు నిలకడగా ఉంటాయి, నాజిల్ ధార నాజిల్ ఆరోగ్యాన్ని బట్టి ఊగిసలాడుతుంది. నాజిల్‌కే పెత్తనం ఇస్తే ధార నిలకడగా ఉంటుంది, నీళ్ల పరిమాణం మారుతుంది. రెండూ నిలకడగా కావాలంటే ఒక ప్లేటు వల్ల కాదు. ప్రెషర్‌ను కాపాడే వాల్వ్ పెట్టి, నాజిల్ అరగకుండా, మూసుకోకుండా చూసుకోవాలి. ఏది కావాలన్నది పనిని బట్టి తేల్చుకోవాలి. తొట్టి నింపడానికైతే పరిమాణం ముఖ్యం. చల్లబరచడానికో కడగడానికో మంటలార్పడానికో అయితే ధారే ముఖ్యం. ప్లేటు సైజు అడిగేవారు తరచుగా ఈ మొదటి ప్రశ్నే వేసుకోరు.

ప్లేటు అసలు అవసరమా అన్నది ఇంకొక చర్చ. 16 మీటర్లను చంపడమంటే సుమారు 436 వాట్ల శక్తిని నీళ్లలో వేడిగా మార్చి పారేయడం. పంపు, మోటర్ నష్టాలు కలిపితే కరెంటు మీటరు మీద 0.85 కిలోవాట్. 120 రోజుల క్రషింగ్ సీజన్‌లో రేయింబవళ్లు నడిస్తే దాదాపు 2,450 యూనిట్లు. ఇంపెల్లర్‌ను లేతు మీద పెట్టి కాస్త తగ్గించడం, మోటర్‌కు వేగం మార్చే డ్రైవ్ పెట్టడం, లేదా అదే పంపు మీద ఇంకొన్ని నాజిళ్లు నడపడం, ఇవన్నీ ప్లేటు కన్నా తెలివైన మార్గాలు కావచ్చు. ఒకే పంపు పది లైన్లకు పెడుతూ, వాటిలో ఒక్కదానికే తక్కువ ప్రెషర్ కావాల్సినప్పుడు మాత్రం ప్లేటుకు సాటి లేదు. సగం తెరిచిన గేట్ వాల్వ్‌తో సరిపెట్టడం నాకు అస్సలు నచ్చని పద్ధతి. గేటు అంచును నీళ్లు తినేస్తాయి, ఎవరు ఎన్ని తిప్పులు తిప్పారో షిఫ్ట్ మారగానే ఎవరికీ తెలియదు. ప్లేటును తిప్పలేరు, అదే దాని గొప్ప.

చక్కెర మిల్లులో లెక్క తప్పే చోట్లు

చల్లటి మంచి నీళ్లకైతే పైన చెప్పింది చాలు. చక్కెర మిల్లులో అన్నీ మంచి నీళ్లు కావు. అక్కడ ఒకే ఆవరణలో ఈ ప్రశ్న అరడజను రూపాల్లో ఎదురవుతుంది.

అన్నిటికన్నా ఆసక్తికరమైనది కండెన్సర్. పాన్‌లో చక్కెర పాకం తక్కువ వేడిలో ఉడకాలి, లేకపోతే రంగు మారుతుంది. అందుకు 640 మిల్లీమీటర్ల చుట్టూ వాక్యూమ్ కావాలి. మల్టీజెట్ కండెన్సర్‌లో కొన్ని నాజిళ్లు నీళ్లను తుంపర్లుగా చిమ్మి ఆవిరిని నీరుగా మారుస్తాయి, మరికొన్ని తిన్నగా కిందికి ధారకట్టి గాలిని తమతో లాక్కుపోతాయి. ఇప్పుడు ఆ నాజిల్ ముందు గేజ్ అర కేజీ చూపిస్తోందనుకోండి. 5 మీటర్లకు లెక్కగట్టి నాజిల్ కొంటే పప్పులో కాలేసినట్టే. గేజ్ చూపేది బయటి గాలితో పోల్చిన ఒత్తిడి. నాజిల్ అవతల ఉన్నది గాలి కాదు, వాక్యూమ్. 640 మిల్లీమీటర్ల పాదరసం అంటే 8.7 మీటర్ల నీళ్లు. నాజిల్ మీద అసలు తేడా 13.7 మీటర్లు. ప్రవాహం గేజ్ లెక్క కన్నా 65 శాతం ఎక్కువ. సీజన్ మొదట్లో వాక్యూమ్ ఎక్కకముందు ఒక ప్రవాహం, ఎక్కాక ఇంకో ప్రవాహం రావడానికి కారణం ఇదే. కండెన్సర్‌కు పోయే లైనులో ఇరుకు పెట్టేవారు రెండు స్థితులనూ లెక్కలో పెట్టాలి. జెట్ నాజిల్‌కు చెత్త అడ్డం పడితే గాలి లాగడం తగ్గి, ముందు వాక్యూమ్ దిగుతుంది, తర్వాత పాన్ నెమ్మదిస్తుంది, ఆ తర్వాత మిల్లు హౌస్ వాళ్లతో మాటలు మొదలవుతాయి.

కండెన్సర్ నుంచి దిగిన వేడి నీళ్లు స్ప్రే పాండ్‌కు పోతాయి. అక్కడ వందల నాజిళ్లు పక్కపక్కన ఉంటాయి కాబట్టి ప్రశ్న మారుతుంది: మొదటి నాజిల్‌కూ చివరి నాజిల్‌కూ ఒకే ప్రెషర్ అందుతుందా? హెడర్ పైపులో నష్టం నాజిల్ నష్టంతో పోలిస్తే చాలా తక్కువగా ఉండాలి. పది శాతం లోపు ఉంటే ప్రవాహంలో తేడా ఐదు శాతానికి మించదు. పైపు సన్నగా కొని నాజిళ్లు పెద్దవి పెడితే దగ్గరివి ఎగిరిపడతాయి, దూరపువి మూలుగుతాయి. ఇలాంటి చోట ప్రతి నాజిల్‌కూ ప్లేటు బిగించి సరిచేయబోవడం రోగం ఒకటైతే మందు ఒకటన్నట్టే. మార్చాల్సింది హెడర్‌ను.

చివరి మిల్లుకు ముందు పిప్పి మీద పోసే ఇంబిబిషన్ నీళ్లు వేడివి. ప్లేటు రంధ్రం దాటాక ధార సన్నబడ్డ చోట ఒత్తిడి అన్నిటికన్నా తక్కువకు దిగుతుంది. ఆ ఒత్తిడి నీటి ఆవిరి ఒత్తిడి కిందికి పోతే నీళ్లు అక్కడే మరిగి బుడగలవుతాయి, కాస్త ముందుకు పోయి ఒత్తిడి పెరగగానే ఆ బుడగలు లోపలికి కుప్పకూలి పైపు గోడను కొరుకుతాయి. పైపులో గులకరాళ్లు దొర్లుతున్నట్టు వినిపించే చప్పుడు అదే. 30 డిగ్రీల నీళ్లకు ఆవిరి ఒత్తిడి అర మీటరు కూడా ఉండదు. 80 డిగ్రీలకు దాదాపు 4.8 మీటర్లు. మన ఉదాహరణలో ప్లేటు తర్వాత నాజిల్ ఉంది, అది వెనక్కి 10 మీటర్ల ఒత్తిడి నిలబెడుతోంది. అందువల్ల సన్నబడ్డ చోట కూడా ఒత్తిడి గాలి ఒత్తిడి కన్నా పైనే ఉంటుంది, గొడవ లేదు. అదే ప్లేటును నాజిల్ లేకుండా తొట్టిలోకి తెరుచుకునే పైపు చివరికి కాస్త ముందు పెడితే, పైపు రాపిడికి పోగా మిగిలిందంతా అది ఒక్కతే మోయాలి. అప్పుడు వేడి నీళ్లు మరిగే ప్రమాదం ఉంది. పెద్ద ప్రెషర్‌ను ఒకే ప్లేటు మీద దించకుండా, మధ్య దూరం ఇచ్చి రెండు మూడు ప్లేట్ల మీద పంచడం అందుకే. బాయిలర్ ఫీడ్ పంపు నుంచి తొట్టికి తిరిగొచ్చే లైనులో వరుసగా కనిపించే ప్లేట్ల కథ ఇదే.

ఎవాపరేటర్ కండెన్సేట్‌ది ఇంకా మొండి వ్యవహారం. అది అప్పటికే మరిగే స్థితిలో ఉంటుంది, ఏ ఇరుకు పెట్టినా కొంత ఆవిరైపోతుంది. ఆవిరి చోటు ఆక్రమించి ప్రవాహాన్ని ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. మామూలు సూత్రం చెప్పినన్ని నీళ్లు రానే రావు.

మొలాసిస్ దగ్గరికొస్తే వర్గమూలమే పనిచేయదు. అంత చిక్కటి ద్రవం నింపాదిగా పొరలు పొరలుగా జారుతుంది; ఒత్తిడి రెట్టింపైతే ప్రవాహం కూడా ఇంచుమించు రెట్టింపవుతుంది, వేడి ఐదు డిగ్రీలు తగ్గితే చాలు ఇరుకు సైజు మార్చినంత తేడా వస్తుంది. 0.62 గుణకాన్ని అక్కడికి మోసుకుపోవడం అమాయకత్వం. సున్నం పాలకు కూడా ప్లేటు పనికిరాదు. ఇసుక రేణువులు అంచును అరగదీస్తాయి, సున్నం పేరుకుని రంధ్రాన్ని మూస్తుంది, ఏ వారం ఏది గెలుస్తుందో చెప్పలేం. అందుకే మిల్లుల్లో సున్నం పాలను గొట్టంలో ఇరుకు పెట్టి కాక, తెరిచిన పెట్టెలో ధారను విడదీసి కొలుస్తారు. పిప్పి నలకలున్న పలచటి రసాన్ని నాజిళ్లతో చిమ్మకుండా తొట్టి అంచు మీదుగా పొర్లించడమూ ఈ జ్ఞానంలోంచి పుట్టిందే. కొన్ని చోట్ల ఇరుకు పెట్టకపోవడమే సరైన సైజు.

బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. చెరకు వేసిన చాలా చేలల్లో ఇప్పుడు వరి, సోయా. లెక్క మాత్రం పొలంలోకే వచ్చి కూర్చుంది.

పసుపు చేలో

జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. జిల్లాలో పసుపు రైతులకు డ్రిప్ కొత్తేమీ కాదు. డ్రిప్పర్ అంటే గంటకు రెండో నాలుగో లీటర్లు మాత్రమే వదిలే ఇరుకు. అంత తక్కువ నీళ్లను ఒక్క రంధ్రంతో ఆపాలంటే ఆ రంధ్రం కుట్టు సూది కన్నా సన్నగా ఉండాలి, మొదటి రోజే మూసుకుపోతుంది. అందుకే లోపల వంకరటింకర దారి పెట్టారు. దారి వెడల్పుగానే ఉంటుంది, మలుపు మలుపుకీ కొంచెం ఒత్తిడి పోతుంది. మిల్లులో ప్లేట్ల వరుస చేసే పనినే ఇది గోరంత చోటులో చేస్తుంది.

మామూలు డ్రిప్పర్ వర్గమూలాన్నే పాటిస్తుంది. సాలు మొదటికీ చివరికీ ప్రెషర్‌లో 20 శాతం తేడా ఉంటే నీళ్లలో 10 శాతం తేడా వస్తుంది. డ్రిప్ లైన్ పొడవు ఎంతని నిర్ణయించేటప్పుడు వాడే హద్దు ఇదే. లోపల రబ్బరు పొర ఉన్న డ్రిప్పర్లలో ప్రెషర్ పెరిగితే పొర వంగి దారిని ఇరుకు చేస్తుంది, నీళ్లు దాదాపు మారవు. ధర ఎక్కువ. చదును పొలానికి, పొట్టి సాళ్లకు అవి అక్కర్లేదని నా ఉద్దేశం; ఎత్తుపల్లాల నేలకు మాత్రం ఆ డబ్బు వృథా కాదు. రెండింటికీ శత్రువు ఒకటే, చెత్త. డ్రిప్పర్ దారి వెడల్పులో పదో వంతు కన్నా పెద్ద రేణువును ఫిల్టర్ దాటనీయకూడదన్నది మంచి నియమం. కాలువ నీళ్లకు ఇసుక ఫిల్టర్ లేకుండా డ్రిప్ వేయడమంటే రెండేళ్లలో పైపులు చుట్టి కొట్టంలో పడేయడానికి సిద్ధపడటమే.

ఎంత కచ్చితంగా?

ప్రవాహాన్ని కొలిచే ప్లేట్లకు ఐఎస్ఓ 5167 అనే ప్రమాణం ఉంది. అంచు ఎంత పదునుండాలి, ముందు ఎంత పొడవు తిన్నటి పైపు ఉండాలి అని అన్నీ చెబుతుంది. అది 50 మిల్లీమీటర్లు, అంతకన్నా పెద్ద పైపులకు రాసినది. ప్రవాహాన్ని కేవలం తగ్గించే ప్లేటుకు అంత కచ్చితత్వం అక్కర్లేదు. కొలిచే ప్లేటు పుస్తకం తెరిచి, మూడో దశాంశం దాకా గుణకం వెతికి, చివరికి పైపు రాపిడిని ఉజ్జాయింపుగా వేసుకునే లెక్కలు నేను చూశాను. ఏళ్ల తరబడి తుప్పు, పాచి పట్టిన పైపులో రాపిడి ఎంతో కొలవకుండా 0.61 వాడాలా 0.62 వాడాలా అని వాదించడం కాలక్షేపం. పైపు నష్టాన్ని రెండు గేజ్‌లు పెట్టి కొలవండి. పంపు నిజంగా ఎంత ఇస్తోందో నేమ్‌ప్లేట్ మీద కాక డెలివరీ గేజ్ మీద చూడండి. లెక్కకు వచ్చిన దానికన్నా రంధ్రాన్ని ఒక మిల్లీమీటరు తక్కువ వేసి, నడిపి చూసి పెద్దది చేసుకోండి. రంధ్రాన్ని పెంచడం పది నిమిషాల పని, తగ్గించాలంటే కొత్త ప్లేటు కావాలి.

వాలు కోసిన వైపు దిగువకు, పదునైన అంచు ఎగువకు ఉండేలా బిగించాలి. తిరగేసి బిగిస్తే గుణకం పెరిగి ఎక్కువ నీళ్లు పోతాయి, బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు. కాబట్టి ఫ్లాంజ్ బయటికి కనిపించే ప్లేటు తోక మీద రంధ్రం వ్యాసం, ఎగువ వైపు ఏదన్నదీ పంచ్ చేయించండి. కొత్త పంపు కోసం ఇండెంట్ రాసే ముందు నాజిల్ ముందర ఒక ప్రెషర్ గేజ్ బిగించి చూడండి. గేజ్ ఖరీదు కొన్ని వందల రూపాయలు.